పదమూడు ఏనుగులు

జనవరి 5, శనివారం

నాకు పదమూడు చెప్పాడు. క్లైవ్‌కి ఇరవై చెప్పాడు.

పోటీ అయిపోయాక, చెరువూ పోటీలూ చూసుకునే పామ్ గుడిసెలో పొయ్యి చుట్టూ చేరి టీ తాగుతుంటే బయటపడింది. క్లైవ్ అంటే ఆ బ్యాటరీతో వేడెక్కే కోటువాడు. యాభై దాటినా మా గుంపులో వాడే కుర్రాడు. కోటు బొత్తాం నొక్కుకుంటూ, "చివరి గంటలో డెస్‌ని అడిగాను విల్ఫ్. జాలిపడి చెప్పాడు. ఇరవై లెక్కపెట్టి లాగడం మొదలెట్టానో లేదో, టక్! రెండు పడ్డాయి," అన్నాడు.

"ఎంత అన్నాడూ?"

"ఇరవై. నీకు తెలీదా ఏంటి? వాడి జంటవి కదా!"

తెలుసన్నట్టు తలూపాను. టీలో చక్కెర వేశానని మర్చిపోయి మళ్లీ వేసుకున్నాను.

డెస్, నేను నలభై ఏళ్లుగా ఈ చెరువు గట్టు మీద పక్కపక్కనే నిలబడి ట్రౌట్ చేపలు పడుతున్నాం. అందులో చివరి పదకొండు చలికాలాలూ జంట పోటీలో జంటగా. జంట అంటే ఇద్దరి చేపలూ కలిపి లెక్క. ముందు ఎవడికి తగిలితే వాడు పక్కవాడికి అంకె చెప్పాలి. చలికాలంలో ట్రౌట్ అడుగునా ఉండదు, పైనా ఉండదు. మధ్యలో ఎక్కడో ఒక జానెడు మందం పొరలో ఒళ్లు ముడుచుకుని వేలాడుతుంటుంది. మునిగే లైను విసరాలి, అది సెకనుకు మూడంగుళాలు దిగుతుంటే లెక్కపెట్టాలి, ఎన్నో అంకె దగ్గర చేప మా ఈగని, అంటే గాలానికి ఈకలతో కట్టిన దొంగ ఎరని, అందుకుందో ఆ రోజుకి అదే మంత్రం. అలాంటి అంకెని ఎదుటి జంటవాడికి నిజం చెప్పి, సొంత జంటవాడికి అబద్ధం చెప్పాడు.

పదమూడు దగ్గర నాకు నాలుగు పడ్డాయి, అది వేరే సంగతి. అదంతా నా ఈగ గొప్పతనం. ఇరవై అని చెప్పి ఉంటే పది పడేవి.

కారణం నాకు తెలుసు. పోయిన చలికాలం మొత్తం మీద నావి ముప్పై ఒకటి, వాడివి ఇరవై ఏడు. అదీ మంట.

జనవరి 6, ఆదివారం

ఫోన్ చేసి అడిగేద్దామనుకున్నాను. అడిగితే బుకాయిస్తాడు. అడగను. నాకు తెలుసని వాడికి తెలియనివ్వను.

జనవరి 8, మంగళవారం

మంగళవారాలు పోటీ ఉండదు, ఊరికే సాధన. తొమ్మిదింటికి డెస్ కారు వచ్చింది. తొమ్మిదింటికి అంటే తొమ్మిదింటికే. ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపినవాడు, వాడు హారన్ కొడితే మా వీధిలో గడియారాలు సరిచేసుకుంటారు. పెళ్లికి మాత్రం ఎప్పుడూ టైము కుదరలేదు వాడికి.

మొదటి చేప వాడికే. "పదమూడు," అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

"పదమూడా, సరే," అన్నాను నేనూ ముఖంలో ఏ మార్పూ లేకుండా. ఇరవై లెక్కపెట్టాను.

నేను ఏనుగులతో లెక్కపెడతాను. ఒక ఏనుగు, రెండు ఏనుగులు, మూడు ఏనుగులు. బళ్లో నేర్పారు, మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎంత దూరమో కట్టడానికి. "ఏనుగు" అని నిదానంగా అంటే సరిగ్గా ఒక సెకను పడుతుందట. అప్పటికి మా క్లాసులో ఎవడూ ఏనుగుని చూసిన పాపాన పోలేదు. తర్వాత ఎప్పుడో సర్కస్‌వాళ్లు వచ్చి మా కెటరింగ్ ఊరి వీధుల్లో ఒకదాన్ని ఊరేగించారు. అది బూట్ల ఫ్యాక్టరీ గేటు ముందు ఆగి, లోపల్నుంచి వచ్చే తోలు వాసన పీల్చి, ఇంక కదలనంది. మధ్యాహ్నం షిఫ్టు మొత్తం అరగంట ఆలస్యం. ఆ ఫ్యాక్టరీలోనే నేను తర్వాత నలభై ఒక్క ఏళ్లు తోలు కోశాను. అక్కడ అడుగు ముందుకు వేయకూడదని ఆ ఏనుగుకి తెలిసిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇరవై ఏనుగులు. గాలానికి నాచు. మళ్లీ ఇరవై. మళ్లీ నాచు, పచ్చటి జడలా. ఏ సంవత్సరమూ ఇంత నాచు లేదు ఈ చెరువులో.

ఈగ మార్చాను. నల్లతోక తీసి పిల్లిమీసం కట్టాను, తెల్లటి మెత్తటి ఈకతో చేస్తామే, అది. నాచు. తూనీగపిల్ల కట్టాను. నాచు.

డెస్‌కి ఆరు. నాకు సున్నా. సాధనే కదా, లెక్కలోకి రాదు.

జనవరి 19, శనివారం

మూడో పోటీ. మంచు కురుస్తోంది. విసిరిన ప్రతిసారీ రాడ్ కళ్లల్లో, అంటే లైను దూరే రింగుల్లో, నీళ్లు గడ్డకట్టి లైను కదలదు. రాడ్ మొనని నీళ్లలో ముంచాలి, లేదా నోట్లో పెట్టుకుని కరిగించాలి. డెబ్బై మూడేళ్ల మనిషి గట్టు మీద నిలబడి రాడ్ చప్పరిస్తున్నాడు. పామ్ చూసి, "బన్ను తెచ్చిపెట్టనా బాతూ, ఆకలేస్తోందా?" అంది. పామ్‌కి ఆడామగా తేడా లేదు, అందరూ బాతులే. మా వైపు ముద్దుపేరు అది.

డెస్ పది నిమిషాల్లో ఒకటి పట్టాడు. "పదమూడు." కాసేపు నా వైపు చూసి, "కాదులే, పన్నెండు," అన్నాడు.

అంటే పదమూడు కూడా ఎక్కువైంది నాకు.

ఇరవై లెక్కపెట్టాను. చేపలు చలికి ఇంకా కిందకి దిగి ఉంటాయని ఇరవై రెండు కూడా చూశాను. ఎర్రపురుగు కట్టాను, సన్నది, లాగీ లాగనట్టు వేళ్ల మీద చుట్టుకుంటూ తెచ్చాను. పుస్తకంలో ఎలా రాశారో అలాగే. లైబ్రరీలో చలికాలపు ట్రౌట్ మీద ఉన్నవి మూడే పుస్తకాలు, మూడూ నాకు నోటికొచ్చు. వాటిలో ఒక్కటి కూడా నాచు గురించి రాయలేదు.

డెస్‌కి ఐదు. నాకు సున్నా.

"ఏమైంది?" అన్నాడు వచ్చి.

"నీటికాకులు. చేపల్ని చెదరగొట్టేశాయి."

"నా ముందు కూడా అవే కాకులు కదా?"

"నీ వైపు తక్కువ."

"పన్నెండే లెక్కపెట్టావా?"

"మరి? నువ్వేగా చెప్పావు."

నా కళ్లలోకి చూశాడు. నేను కూడా చూశాను. ఇద్దరు అబద్ధాలకోర్లు, ముక్కుల చివర మంచు.

జనవరి 20, ఆదివారం

మొదటి స్థానం నుంచి మూడోదానికి వచ్చాం.

జనవరి 24, గురువారం

రోజంతా ఈగలు కట్టాను.

అసలు ఈగ అనే మాటే తప్పు. ట్రౌట్‌కి మేం వేసేదాంట్లో పదింట తొమ్మిది ఈగలు కావు. పురుగులు, దోమపిల్లలు, చేపపిల్లలు. ఏమీ కానివి కూడా ఉన్నాయి, ఊరికే చేపకి కోపం తెప్పించేవి. అయినా ఈగ అంటాం. ఈ సంగతి మీద ఒకసారి బస్సులో డెస్‌కీ నాకూ పెద్ద వాదన. వాడు బస్సు నడుపుతూనే వెనక్కి తిరిగి వాదించాడు. ఒక ముసలావిడ లేచి, "ముందు రోడ్డు చూడు నాయనా, ఈగల సంగతి తర్వాత," అంది. మా స్నేహం మొదలైంది ఆ రోజే.

పోయిన చలికాలం నా ముప్పై ఒకటీ తెచ్చింది "థెల్మా స్వెటర్". అదీ దాని పేరు. మా ఆవిడ ఆకుపచ్చ స్వెటర్ మోచేయి దగ్గర చిరిగితే ఆ ఉన్ని పీకి ఒంటికి చుట్టాను, నల్లటి టర్కీ ఈక తోకగా పెట్టాను. అలాంటి ఆకుపచ్చ ఏ దుకాణంలోనూ దొరకదు. ముప్పై ఏళ్లు ఉతికి ఉతికి వచ్చిన రంగు అది. ఇప్పుడు అదే ఉన్ని, అదే ఈక, అదే గాలం. ఒక్క చేప ముట్టదు.

స్వెటర్ మిగతా భాగం కూడా పీకుతుంటే థెల్మా పట్టుకుంది. "ఒక చెయ్యి చాలదా? మొండెం కూడా కావాలా?"

"కొత్త ఉన్నిలో జీవం ఉంటుంది."

"ఆ మొండెం నేను వేసుకుంటాను విల్ఫ్. చలేస్తోంది."

వదిలేశాను. కంటి ఆపరేషన్ ముందు ఆవిడతో గొడవెందుకు.

జనవరి 30, బుధవారం

థెల్మా కంటి శుక్లం తీశారు. బాగానే ఉంది. రెండు సీసాలు ఇచ్చారు, రోజుకి నాలుగుసార్లు చొప్పున. చుక్క వేశాక కంటి మూల వేలితో ఒక నిమిషం నొక్కి పట్టాలి, మందు ముక్కులోకి జారకుండా. ఆవిడ చేతికి వణుకు, అందుకని ఆ పని నాది.

ఒక్క పని అయినా సరిగ్గా చేస్తున్నాను.

ఫిబ్రవరి 2, శనివారం

నాలుగో పోటీ. డెస్ నోట్లోంచి వచ్చిన అంకె: పదకొండు.

ఎంత ధైర్యం. దించుతూ పోతున్నాడు, నేను గమనించనని.

ఇరవై లెక్కపెట్టాను. నాచు. బరువు తక్కువ ఈగ కట్టాను. నాచు. నురుగు కళ్ల ఈగ కట్టాను, తేలుతుందని. తేలింది, నాచు పట్టుకుని తేలింది.

టీ వేళకి నేరుగా పామ్ దగ్గరికి పోయాను. "చెరువు శుభ్రం చేయించి ఎన్నాళ్లయింది?"

"ఏం బాతూ?"

"నాచు! అడుగంతా అడవి అయిపోయింది."

పామ్ గట్టు మీదున్న ఇరవై మందినీ కేకేసి అడిగింది. "ఎవరికైనా నాచు తగిలిందా?" ఒక్కడు కూడా పలకలేదు. క్లైవ్ ఒక్కడే, "అడుగు దాకా ఎవడు పోతాడు ఈ చలిలో?" అన్నాడు. అందరూ నవ్వారు. డెస్ నవ్వలేదు, టీ కప్పులోకి చూస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు. ఏం ఆలోచిస్తాడు, వచ్చే పోటీకి ఇంకెంత దించాలా అని.

కారులో, "పదకొండే లెక్కపెట్టావు కదూ?" అన్నాడు.

"పదకొండే."

"ఒట్టు?"

"నీకు చెప్పిన దానికి ఒట్లు కూడా కావాలా ఇప్పుడు?"

డెస్ వైపర్ల వేగం పెంచాడు.

డెస్‌కి నాలుగు. నాకు సున్నా. ఆరో స్థానం.

ఫిబ్రవరి 7, గురువారం

థెల్మా: "నువ్వు చుక్కలు వేసేలోపు నా టీ చల్లారిపోతోంది."

టీ పలచగా పెట్టుకుంటుంది, చల్లారక ఏం చేస్తుంది.

ఫిబ్రవరి 12, మంగళవారం

తొమ్మిది.

ఫిబ్రవరి 16, శనివారం

చేతికి గాలం గుచ్చుకుంది. నీళ్లలోకి ఒక బూటు జారింది. అవేవీ కాదు రాయాల్సింది.

ఐదో పోటీ. డెస్ తన రెండో చేపని వదిలి, నా వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "తొమ్మిది."

"తొమ్మిదా? వచ్చే పోటీకి ఎంత, సున్నానా? ఈగని నీళ్లలో వేయకుండా చేతిలోనే పట్టుకోమంటావా?"

"ఒక్కసారి నా మాట విని చూడు."

"వింటూనే ఉన్నాను నలభై ఏళ్లుగా. క్లైవ్‌కి ఇరవై, నాకు పదమూడు. ఎందుకురా? పోయినేడు నాకు నాలుగు చేపలు ఎక్కువ పడ్డాయనా?"

డెస్ లైను చుట్టడం ఆపాడు. "ఎవరు చెప్పారు?" అన్నాడు. దొంగ మొదట అడిగేది అదే ప్రశ్న.

"వాడే చెప్పాడు, ఆ కరెంటు కోటువాడు. జనవరి మొదటి వారమే."

"అంటే అప్పట్నుంచీ నువ్వు ఇరవై లెక్కపెడుతున్నావా?"

"పెడుతున్నా. ఏం, బాధగా ఉందా?"

"ఓరి దేవుడా," అన్నాడు డెస్. "ఆ నాచు!"

అని నవ్వాడు. రాడ్ కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. మా చోట్లకి గుర్తుగా పాతిన కొయ్యల్లో అటు కొయ్య దగ్గరివాడు, ఇటు కొయ్య దగ్గరివాడు తిరిగి చూశారు. "విల్ఫ్, ఆగు, నీకొకటి చెప్పాలి," అంటున్నాడు నవ్వు మధ్యలో.

చెప్పించుకోలేదు. సామాను సర్దుకుని నడిచి వచ్చేశాను. నాలుగు మైళ్లు, ఒక తడి బూటుతో.

ఫిబ్రవరి 17, ఆదివారం

పామ్‌కి ఫోన్ చేసి చివరి పోటీకి నా పేరు కొట్టేయమన్నాను.

"ఒకసారి కొట్టేస్తే ఈ చలికాలం మళ్లీ రాయను బాతూ, నియమం తెలుసుగా," అంది.

"తెలుసు. ఆ నియమం పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను."

"డెస్‌తో మాట్లాడావా?"

"ఎవరతను?" అన్నాను.

ఫిబ్రవరి 19, మంగళవారం

తొమ్మిదింటికి హారన్ మోగింది. మంచం మీదే పడుకున్నాను. రెండోసారి మోగింది. కారు పోయింది.

ఫిబ్రవరి 21, గురువారం

నా బదులు క్లైవ్ అట, వాడి జంటవాడు జలుబని మానేశాడట. సంతోషం. ఇద్దరూ ఇరవై ఇరవై అని చెప్పుకుంటారు.

రాడ్‌ని అటక మీద పెట్టేశాను. థెల్మా అడిగితే చలికాలం అయిపోయిందన్నాను. కిటికీ బయట మంచు పడుతోంది.

ఫిబ్రవరి 23, శనివారం

మధ్యాహ్నం చుక్కల వేళ. థెల్మా కుర్చీలో తల వెనక్కి వాల్చింది, నేను చుక్క వేసి కంటి మూల నొక్కి పట్టుకుని మనసులో ఏనుగులు లెక్కపెడుతున్నాను. రేడియోలో వార్తలకి ముందు ఒక నిమిషం మిగిలిందన్నారు. వార్తలు మొదలయ్యాయి. ముఖ్యాంశాలు అయిపోయాయి. ఇంకా నేను యాభై ఐదో ఏనుగు దగ్గర ఉన్నాను.

"విల్ఫ్, వదులు."

"ఇంకా నిమిషం కాలేదు."

"ఎప్పుడో అయింది. రోజూ ఇంతే. ముక్కు నొప్పి పుడుతోంది నాకు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు చేసే పని అదొక్కటే కదా ఇంట్లో. శ్రద్ధగా చేస్తున్నావు, పోనీలే అనుకున్నాను."

నేను ఒప్పుకోలేదు. రేడియోవాళ్లే తొందరపడ్డారన్నాను. ఆవిడ ఒక కన్ను మూసుకునే వెళ్లి కేకు పొయ్యి మీది టైమర్ తెచ్చింది. "కళ్లు మూసుకో. అరవై లెక్కపెట్టి ఆపమను."

అరవై ఏనుగులు. కళ్లు తెరిచాను.

తొంభై ఒక్క సెకన్లు.

టైమర్ పాతది అన్నాను. మళ్లీ. తొంభై మూడు. మళ్లీ. తొంభై.

థెల్మా టైమర్ తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

ఫిబ్రవరి 24, ఆదివారం

కాగితం మీద కట్టి చూశాను. నా పదమూడు ఏనుగులు, అసలు సెకన్లలో, ఇరవైకి ఒక అర తక్కువ. నా ఇరవై ఏనుగులు ముప్పై సెకన్లు. సెకనుకి మూడంగుళాల లెక్కన ఏడున్నర అడుగులు. ఈ చెరువు ఎనిమిది అడుగులు, అందులో అడుగెత్తు నాచు.

మళ్లీ కట్టాను. మళ్లీ అంతే వచ్చింది.

నా ఏనుగులు ముసలివైపోయాయి. నాతోపాటే నడుస్తున్నాయి కాబట్టి నేను గమనించలేదు.

ఫిబ్రవరి 26, మంగళవారం

హారన్ మోగలేదు. నేనే నడిచి వెళ్లాను.

డెస్ వంటింట్లో రీలు విప్పి నూనె వేస్తున్నాడు. తలెత్తలేదు.

"తొంభై ఒకటి," అన్నాను గుమ్మంలోనే నిలబడి.

"ఏంటది, నీ వయసా?"

"నా నిమిషం."

రీలు పక్కన పెట్టాడు. "లోపలికి రా. చలిగాలి కొడుతోంది."

టీ పెట్టాడు. పంది మాంసం కూరిన పోర్క్ పై కోసి పెద్ద ముక్క నావైపు తోశాడు.

"ఎలా కనిపెట్టావు?" అన్నాను.

"నీ పెదాలు కదులుతాయి రా. నేను మనసులో ముప్పై అనేసరికి నువ్వు ఇరవై ఏనుగుల దగ్గర ఉన్నావు. బస్సు నడిపిన మనిషిని, సెకను నాకు కడుపులోనే కొడుతుంది. సరే అని మూడో వంతు కోసి చెప్పడం మొదలెట్టాను. ఈ జనవరిలో నీకు నాచు రావడం చూసి ఇంకా నెమ్మదించావేమో అనుకున్నాను. పన్నెండన్నాను, పదకొండన్నాను. నువ్వు నా వెనకాల ఇరవై పెడుతున్నావని నాకేం తెలుసు?"

"ఎప్పట్నుంచి కోస్తున్నావు?"

తన ముక్క చివర ఉన్న గట్టి పిండిని తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"డెస్."

"పోయినేడాది జనవరి."

పోయినేడాది.

"పోయినేడు నేను ముప్పై ఒకటి పట్టాను," అన్నాను.

"పట్టావు."

"థెల్మా స్వెటర్‌తో."

"మంచి ఈగ," అన్నాడు డెస్. అంత మర్యాదగా వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

"అంటే పోయినేడంతా నన్ను బస్సులో కూర్చోబెట్టి నడిపావన్నమాట. ఎక్కడికి పోతున్నామో ప్రయాణికుడికి చెప్పకుండా."

"చెప్పి? చెబితే ఏం చేసేవాడివి? కళ్ల పరీక్షలో ఒక్క వరస తప్పు చదివావని మర్నాడే కారు అమ్మేశావు. ఇది చెబితే రాడ్ విరిచి పొయ్యిలో పెట్టేవాడివి. తర్వాత నేను ఎవడి పక్కన నిలబడాలి? ఆ కరెంటు కోటు పక్కనా? దానికి బొత్తాం నొక్కినప్పుడల్లా గుయ్యిమంటుంది రా!"

"నీ పక్కన ఇప్పుడు వాడే కదా."

"నువ్వేగా కొట్టేయించావు పేరు."

"నేనే."

"నియమం పెట్టింది కూడా నువ్వే."

"నేనే," అన్నాను. నా ముక్క తినేశాను.

ఫిబ్రవరి 27, బుధవారం

ముప్పై ఒకటి.

ఇవాళ అందులో ఎన్ని నావి అని ఆలోచించాను. విసిరింది నేను. ఈగ నాది. చేప లాగింది నా చేతిని. అంకె మాత్రం వాడిది. తోలు కోసింది నేనే, గీత గీసినవాడు మాత్రం వేరే ఉన్నాడు అన్నట్టుంది.

నిజం చెప్పాలంటే జాలిపడినందుకు కాదు కోపం. జాలి నాకు కనపడకుండా అంత బాగా పడినందుకు.

థెల్మా చుక్కలు ఇప్పుడు టైమర్‌తో వేస్తున్నాను. "ముక్కు హాయిగా ఉంది," అంటోంది. ప్రతిసారీ అనాలా?

మార్చి 2, శనివారం

చివరి పోటీ. ఇంట్లోనే ఉన్నాను. మూడింటికి పామ్ ఫోన్ చేసింది, అడక్కపోయినా. క్లైవ్‌కి ఐదు, డెస్‌కి ఒకటి. మొత్తం మీద నాలుగో స్థానం.

"డెస్‌కి ఒకటేనా?"

"వాడి ధ్యాస నీళ్ల మీద లేదు బాతూ. పక్క కొయ్య వైపు తిరిగి ఏదో చెప్పబోతాడు, క్లైవ్‌ని చూసి నోరు మూసుకుంటాడు. వచ్చే చలికాలం జంటల కాగితం గోడకి పెట్టాను. మంగళవారం ఆఖరు."

పేర్ల సంగతి నేను అడగలేదు. డెస్ నన్ను రాస్తాడని అనుకోవడానికి ఏమీ లేదు. నా అసలు లెక్క ఇప్పుడు వాడికే కాదు, నాకూ తెలుసు. దాచిపెట్టి చేసిన సాయం ఒకటి, తెలిసి మోయడం ఇంకొకటి. నేనైతే నన్ను రాయను.

అటక మీదనుంచి రాడ్ దించాను. తుడవడానికి. అంతే.

మార్చి 5, మంగళవారం

తొమ్మిదింటికి హారన్. ఒక్కసారే. వెళ్లాను.

కారులో వాతావరణం తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. గట్టు మీద పురుగు లేదు. గాలి ఉత్తరం. నేను మణికట్టుకి పాత వాచీ కట్టుకుని వచ్చాను, ఇక నుంచి నా అంకె నేనే చూసుకుంటానని. లైను విసిరాను, వాచీ చూశాను, కోటు చెయ్యి కిందకి జారింది, పైకి లాగాను, లైను వదులైంది, రీలుకి చుట్టుకుంది. రెండోసారి విసిరి వాచీ చూస్తుంటే రాడ్ మొన నీళ్లలో ఉంది. మూడోసారి కళ్లద్దాలు మంచు పట్టాయి.

నలభై ఏళ్ల వయసు మనిషికి కూడా కష్టమే, రెండూ ఒకేసారి చూడటం.

"ఆపరా బాబూ, చూడలేకపోతున్నా," అన్నాడు డెస్. తన సామాను ఎత్తుకుని నా కొయ్య దగ్గరికి వచ్చేశాడు. పోటీలో అయితే ఒప్పుకోరు. "ఇద్దరం ఒకేసారి విసురుదాం. నేను పైకి లెక్కపెడతా. ఒకేసారి లాగుదాం. నా అంకె వేరు, నీ అంకె వేరు అనేది లేదు."

"నీ లెక్క నాకొద్దు. పోయినేడు తిన్నది చాలు."

"పోయినేడు నేను నీకు చెప్పకుండా కోశాను. ఇప్పుడు నీ చెవిలో అరుస్తున్నా. అందులో దాపరికం ఏముంది?"

"చెరువంతా వింటుంది."

"చెరువులో ఉన్నది మనిద్దరమే. చేపలు వింటే విననీ."

లైను వెనక్కి ఎత్తాను. వాడూ ఎత్తాడు. రెండు లైన్లూ పక్కపక్కనే పడ్డాయి.

ఒకటి, రెండు, మూడు అని వాడు బస్సు టికెట్లు కోసినట్టు లెక్కపెట్టాడు. నాకు వాడి సెకన్లు పరుగెత్తుతున్నట్టున్నాయి. రెండుసార్లు, "తొందరపడుతున్నావు," అన్నాను. "నువ్వు నిద్రపోతున్నావు," అన్నాడు. ఇరవై దగ్గర లాగాం. ఏమీ లేదు. పదహారు దగ్గర. లేదు. ఇరవై నాలుగు దగ్గర. లేదు. పిల్లిమీసం, ఎర్రపురుగు, దోమపిల్ల, థెల్మా స్వెటర్. పన్నెండు దగ్గర. ముప్పై దగ్గర కూడా, తెలిసి తెలిసి, ఇద్దరికీ నాచు వచ్చింది. వాడు నాచుని చూసి ఏమీ అనకుండా తీసుకున్నాడు. పెదాలు మాత్రం బిగించాడు, నవ్వు రాకుండా.

"నవ్వితే తోసేస్తా," అన్నాను.

"నేనేం నవ్వట్లేదు."

మూడింటిదాకా. ఇద్దరికీ సున్నా.

గుడిసెలో పామ్ కాగితం గోడకి ఉంది. డెస్ తన పేరు రాసి, పక్క గడి ఖాళీగా వదిలి, కలం నా చేతిలో పెట్టి టీ తెచ్చుకోవడానికి పోయాడు. తిరిగి చూడలేదు. పామ్ మాత్రం చూస్తోంది, బన్ను కోసే కత్తి గాల్లోనే ఆపి. నేను కాసేపు నిలబడ్డాను. ఎంతసేపో నన్నడక్కూడదు. రాశాను.

కారులో వాడే మొదలెట్టాడు. "లోతు సరిగ్గానే ఉంది. నీ ఈగదే తప్పు."

"నా ఈగ పక్కనే కదరా నీ ఈగ! అదేం పట్టింది?"

"నీదాన్ని చూసి బెదిరిపోయాయి. ఉన్నితో కట్టిన ఈగని చలికాలంలో ఎవరైనా వేస్తారా?"

"ఉన్ని చలికాలంలో కాకపోతే ఎండాకాలంలో వేస్తారా!"

ఇల్లు వచ్చింది. ఇంజను ఆపి కూడా వాదించుకుంటూనే ఉన్నాం. థెల్మా తలుపు తీసి, ఆ ఆకుపచ్చ మొండెం స్వెటర్ వేసుకుని, మెట్టు మీద నిలబడి, "ఏమైనా పడ్డాయా?" అని కేకేసింది.

"ఒక్కటీ లేదు," అన్నాం ఇద్దరం, ఒకేసారి.